మా వదిన వడ్డన

మా వదినతో పోట్లాడి గెలవాలంటే ఆవిడ గిన్నెలు తోముతున్నప్పుడు మొదలుపెట్టాలి. చేతులు ఖాళీ లేకపోతే ఆవిడకి మాట పెగలదు. చేతులు ఖాళీగా ఉన్నాయా, ఇక మన పని అయిపోయినట్టే. నోటి నిండా అన్నం ఉన్నా సరే, వేళ్ళతోనే నాలుగు చీవాట్లు పెట్టి, పైగా మన మీద ఒక జోకు కూడా వేసేస్తుంది.

పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటది. వాళ్ళమ్మకి పుట్టుచెవుడు. అందుకని వదిన ముందు చేతులతో మాట్లాడటం నేర్చుకుని, నోటితో ఆ తర్వాత నేర్చుకుంది. వాళ్ళమ్మ పుస్తకాలు బైండింగ్ చేస్తుంది కాబట్టి మా ఇంట్లో అందరం ఆవిడని బైండరమ్మ అంటాం. రైల్లో ఒక పగలంతా కూర్చుంటే వచ్చే ఊళ్ళో, పనిచేసే షాపుకి పైనే ఉన్న రెండు గదుల్లో ఉంటుంది. మా దగ్గరికి వచ్చెయ్యమని మా అన్నయ్య చాలాసార్లు అడిగాడు. జిగురు వాసన లేకపోతే నిద్రపట్టదని ఆవిడ ప్రతిసారీ ముక్కు మీద వేలేసి చూపించింది.

ఇక నేను ఆడపడుచుని. వదిన మీద చాడీలు చెప్పే హక్కు పుట్టుకతో వచ్చినదాన్ని. ఆ హక్కు సరిగ్గా వాడుకోలేకపోతున్నానంటే కారణం, ఆఫీసులో కూడా ఆవిడ పక్క బల్లే నాది. ఇంట్లో ఏదన్నా అంటే ఆఫీసులో, ఆఫీసులో ఏదన్నా అంటే ఇంట్లో వడ్డీతో సహా తిరిగొస్తుంది.

మాది వీడియో కాల్స్ నడిపే కంపెనీ. మనవాళ్ళ మొహాలు తెర మీద చూస్తూ మాట్లాడుకోవడం ఇప్పుడు అందరికీ మంచినీళ్ళ ప్రాయం. దాని వెనక ఎంత హడావుడి ఉంటుందో మాత్రం ఎవరికీ పట్టదు. మా మెషీన్లన్నీ ఒకచోట ఉండవు. ఊరికి కొన్ని చొప్పున చాలా ఊళ్ళలో ఉంటాయి. మీరెక్కడున్నారో అక్కడికి దగ్గరగా ఉన్న మెషీన్, అవతలివాళ్ళ బొమ్మనీ గొంతునీ మీ తెర మీదికి తెచ్చి పెడుతుంది. జనం పలచగా ఉన్నప్పుడు అంతా సాఫీగా సాగుతుంది. జనం ఎగబడ్డప్పుడే మా వదిన రాసిన ప్రోగ్రాం రంగంలోకి దిగుతుంది.

దాని అసలు పేరు పలకడానికి నోరు తిరగదు. ఆఫీసులో అందరం వడ్డన అంటాం. పదిమందికి వండిన చోటికి పాతికమంది వస్తే వడ్డించేవాళ్ళు ఏం చేస్తారు? లోపల ఇంకో పొయ్యి వెలిగిస్తారు. అది ఉడికేలోపు చేతిలో గరిటె చిన్నది చేస్తారు. వడ్డన చేసేదీ అదే. పడుకున్న మెషీన్లని తట్టి లేపుతుంది. అవి లేచి ఒళ్ళు విరుచుకునేలోపు ఉన్నదాన్నే అందరికీ సర్దుతుంది. ముందు బొమ్మ సైజు తగ్గిస్తుంది. చాలకపోతే బొమ్మ కదలిక తగ్గిస్తుంది. మరీ ఇరుకైతే బొమ్మని ఉన్నచోటే ఆపేస్తుంది. గొంతుని మాత్రం చచ్చినా ముట్టుకోదు.

గొంతు ముందు, బొమ్మ తర్వాత. ఇది వదిన పెట్టిన నియమం. ఆవిడ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ఈ పనిలో ఉన్నవాళ్ళంతా పాటించేదే. మొహం మసకబారినా మాట వినబడుతుంటే మనుషులు ఓర్చుకుంటారు. మొహం తళతళలాడుతూ మాట తెగిపోతే ఫోన్ విసిరికొడతారు. వదిన ఆ నియమాన్ని ఎంత ముచ్చటగా అమర్చిందంటే, మిగతా ఊళ్ళ ఆఫీసుల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి, కొత్త బట్టలేసుకున్న చంటిపిల్ల కూడా అంత మురిసిపోదు.

నా ఉద్యోగం దీనికి పూర్తిగా ఎదురు. వదిన కట్టినదాన్ని కూలదొయ్యడానికే నన్ను పెట్టుకున్నారు. లేని జనాన్ని పుట్టించి, ఉత్తుత్తి కాల్స్‌ని గుంపులు గుంపులుగా మెషీన్ల మీదికి తోలతాను. తట్టుకుంటే వదిన గెలిచినట్టు, చతికిలబడితే నేను గెలిచినట్టు. ఆడపడుచుకి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఈ భూప్రపంచంలో ఉందా చెప్పండి.

అట్లా మా ఇద్దరి కాపురం సాగుతుండగా ఒకరోజు బైండరమ్మ నుంచి కబురొచ్చింది. చేతులతో కథలు చెప్పేవాళ్ళ పోటీ ఒకటి ఉందట. ఎన్నో ఊళ్ళ నుంచి చెవిటివాళ్ళు పాల్గొంటారట. ముందు వడపోతలన్నీ ఈవిడ మాకు చెప్పకుండానే దాటేసింది. ఆఖరి పోటీకి చేరాక ఇక కడుపులో దాచుకోలేక చెప్పింది. ఆఖరి పోటీ వీడియో కాల్‌లో, వందలమంది చూస్తుండగా జరుగుతుంది. వాళ్ళు వాడబోయేది మా కంపెనీ సాఫ్ట్‌వేరే.

వదిన కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

"మా అమ్మ కథ నువ్వు చూళ్ళేదు పిల్లా" అంది నాతో. "చిన్నప్పుడు షాపు మూసేశాక చెప్పేది. నిజంగా ఎదురుగుండా జరుగుతున్నట్టే ఉండేది. ఆ కథలన్నీ నేనూ, ఆవిడ స్నేహితురాళ్ళు ఇద్దరూ తప్ప ఇంకెవరూ చూళ్ళేదు. ఇన్నాళ్ళకి చూసేవాళ్ళు దొరికారు."

అని, కొంచెం దిగులుగా అంది. "కానీ ఇప్పుడు చేతులు నెమ్మదించాయి. వయసొచ్చేసింది కదా. ఒక మాట చెప్పి ఆగుతుంది, ఇంకోటి చెప్పి ఆగుతుంది. అప్పటి వేగం రాదేమో."

నిజమే. రోజూ సాయంత్రం వాళ్ళిద్దరూ తెర మీద మాట్లాడుకోవడం నేనూ చూసేదాన్ని. బైండరమ్మ ఒక్కో మాటా అచ్చు వేసినట్టు చెప్పేది. చెయ్యి ఎత్తి, ఆపి, అవతల అందిందా లేదా అని చూసి, అప్పుడు తర్వాతి మాటకి వెళ్ళేది. మేం వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు కూడా అంతే. మా అన్నయ్యలాంటి చేతిచవటలకి అర్థం కావాలని అలా చెప్తోందనుకునేదాన్ని. మా అన్నయ్య ఒకసారి 'భోజనం బాగుంది' అనబోయి వేళ్ళు ఎలా తిప్పాడో ఏమో, ఆవిడ కంగారుగా వెళ్ళి చీపురు తెచ్చిచ్చింది.

పోటీ మా సాఫ్ట్‌వేర్ మీదే కనక ముందొకసారి సరిచూసుకుందామంది వదిన. ఒక మధ్యాహ్నం, పరీక్షల కోసం విడిగా ఉంచిన మెషీన్ల మీద కాల్ కలిపాం. అటు బైండరమ్మ తన గదిలో, తెల్లగోడకి ఆనుకుని నిలబడింది. ఇటు వదిన పెద్ద తెర ముందు కూర్చుంది. కథ మొదలయ్యాక ఉత్తుత్తి జనాన్ని తోలడం నా వంతు.

కథ బైండింగ్ షాపుదే. ఒక బైండరు పెద్ద పుస్తకం విప్పి, పేజీలన్నీ ఆరబెడుతుంది. కిటికీలోంచి గాలి ఈడ్చి కొడుతుంది. పేజీలు లేచి వీధిలో పడతాయి. బైండరు వాటి వెనక పరుగు. అక్కడిదాకా వచ్చేసరికి నేను మీట నొక్కాను. జనం విరుచుకుపడ్డారు. వడ్డన నిద్రలేచి గరిటె చిన్నది చేసింది. బొమ్మ చిన్నదైంది, కదలిక కుంటింది, ఆ తర్వాత ఆగిపోయింది.

తెర మీద బైండరమ్మ రెండు చేతులూ గాల్లో అలాగే ఉండిపోయాయి.

స్పీకర్లోంచి మాత్రం అద్భుతంగా వినబడుతోంది. ఆవిడ గదిలో ఫ్యాన్ కిర్రుమంటోంది. కింద షాపులో అట్టలు కోసే మెషీన్ దబ్‌మంటోంది. ఆవిడ పాదాలు నేల మీద రాసుకుంటున్నాయి. ఒక్క చప్పుడు తెగితే ఒట్టు. నా బల్ల మీద సేవ ఎలా ఉందో చూపించే గీత పచ్చగా, నిండుగా, నవ్వుతూ ఉంది. ఎందుకుండదు? గొంతు బాగుంటే సేవ బాగున్నట్టే లెక్క వెయ్యమని మేమే దానికి నేర్పాం. ఒక మూగ కథని ఆపేసి, ఆ గదిలో ఫ్యాను చప్పుడుని బంగారంలా మోసుకొస్తోంది మా ప్రోగ్రాం!

నాకు ముందు నవ్వొచ్చింది. వదిన మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే చచ్చింది. ఆవిడ రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చుంది. ఆవిడ అలా కూర్చోగా నేనెప్పుడూ చూళ్ళేదు.

జనాన్ని వెనక్కి పిలిచేశాను. బొమ్మ మళ్ళీ కదిలింది. విచిత్రమేమిటంటే బైండరమ్మ ఏమీ కంగారు పడలేదు. ఆపిన చోటే చేతులు ఎత్తి ఉంచి, తెర కదిలిందని చూసుకుని, అక్కడి నుంచి నింపాదిగా అందుకుంది. ఎన్నేళ్ళుగానో అలవాటైన పనిలా ఉంది.

వదిన ఆవిడని ఆపింది. ఆ తర్వాత ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నది నాకు వచ్చినంతలో చెప్తున్నాను.

"ఆగిపోయిందని నీకెలా తెలిసింది?"

"నువ్వు ఆగిపోయావుగా, రోజూ లాగే."

"రోజూనా?"

"సాయంత్రమైతే నువ్వు బొమ్మలా బిగుసుకుపోతావు. అక్కడ నీకు నేనూ అలాగే కనిపిస్తాననుకున్నా. అందుకే ఒక మాట చెప్పి ఆగుతా. నీకు అందాక ఇంకోటి చెప్తా."

"ఎప్పట్నించి?"

"నీ పెళ్ళయి వెళ్ళిన కొత్తల్నించీ."

"మరి నాకు చెప్పలేదేం అమ్మా?"

బైండరమ్మ నవ్వింది. "నువ్వు చేసిన వస్తువే కదా. దానికి నేను వంక పెడతానా?"

ఇప్పుడు నాకు అంతా వెలిగింది. మా ఊళ్ళో ఆఫీసు ఉంది కనక మెషీన్లకి కొదవ లేదు. వదిన తెర మీద బొమ్మ ఎప్పుడూ ఆగలేదు. బైండరమ్మ ఉన్న ఊళ్ళో మెషీన్లు తక్కువ, సాయంత్రమైతే జనం కిటకిట. అక్కడ వడ్డన రోజూ ఆవిడ తెర మీద కూతుర్ని ఆపేసి, వినలేని చెవులకి కూతురి గదిలో చప్పుళ్ళు పోసింది. తను కూడా ఆగిపోతున్నానేమోనని ఆ తల్లి తన చేతుల్ని మెషీనుకి తగ్గట్టు తగ్గించుకుంది. ఇక్కడ కూర్చుని కూతురు అమ్మకి వయసొచ్చేసిందనుకుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది సొంత కూతురు. కడపంక్తిలో కూర్చున్న అమ్మకి మెతుకు దక్కలేదు.

వదిన ఆ రోజు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆవిడకి ఒళ్ళు మండింది, అదీ తన మీద. మర్నాడు పొద్దున్నే మేనేజరు గది తలుపు తట్టింది. ఆయన్ని మేం చాటుగా రేపుచూద్దాం గారు అంటాం. మంచి మనిషే. ఏది అడిగినా కాదనడు, రేపు చూద్దామంటాడు. ఆ రేపు మాత్రం రాదు.

"సార్, పోటీ రోజులోగా వడ్డన నియమం మార్చాలి" అంది వదిన.

"ఆ సాయంత్రమే ఒక పెద్ద పాటగాడి కచేరీ కూడా మన సాఫ్ట్‌వేర్ మీదే ఉందమ్మా. మనకి ఇంతవరకూ రానంత జనం వస్తారు. పరుగెత్తే బండికి చక్రం మారుస్తామా? కచేరీ అయిపోనీ. రేపు చూద్దాం."

ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. కొత్త నియమంలో పొరపాటు దొర్లితే కచేరీ మొత్తం కూలుతుంది. కానీ అదే సాయంత్రం, అవే మెషీన్ల మీద బైండరమ్మ కథ. పాటగాడు నోరు తెరవగానే ఆవిడ చేతులు ఆగిపోతాయి. ఇన్నాళ్ళకి చూసేవాళ్ళు దొరికినరోజే వాళ్ళకి కనబడకుండా పోతుంది.

"అందరికీ బొమ్మ ఇవ్వమనట్లేదు సార్. అడగమంటున్నా" అంది వదిన. "కాల్ మొదట్లోనే ఒక ప్రశ్న. మీకు గొంతు ప్రాణమా, బొమ్మ ప్రాణమా అని. ఎవరికి ఏది ప్రాణమో దాన్ని ఆఖరున ముట్టుకుందాం. చేతులతో మాట్లాడేవాళ్ళకి రంగులు తీసేద్దాం, వెనక గోడ తీసేద్దాం, బొమ్మ చిన్నది చేద్దాం, గొంతు మొత్తం తీసేద్దాం. కదలిక ఒక్కటీ ముట్టుకోకుండా ఉంచుదాం. కదలిక ఆగితే మాట ఆగినట్టే."

రేపుచూద్దాం గారు చాలాసేపు బుర్ర గోక్కున్నారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కొత్త నియమం ముందుగా నా చేతుల్లో నిలబడాలి. నిలబడినా, కచేరీ రోజున ఫిర్యాదులు మితిమీరితే ఆయన ఒక్క మీటతో పాత పద్ధతికి తిప్పేస్తారు. ఎవరూ అడ్డు చెప్పకూడదు.

అప్పుడు మొదలైంది అసలు సంబరం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకంత ఉత్సాహం ఎప్పుడూ రాలేదు. వదిన రాస్తుంది, నేను కూలుస్తాను. ఆవిడ పళ్ళు నూరుతుంది, మళ్ళీ రాస్తుంది. మొదటిసారి నిలబడనే లేదు. రెండోసారి నిలబడింది గానీ పూనకం వచ్చినట్టు ఊగింది. కాస్త చోటు దొరగ్గానే వడ్డన బొమ్మని పెద్దది చేసేది, దాంతో మళ్ళీ ఇరుకయ్యేది, వెంటనే చిన్నది చేసేది, చోటు దొరికేది, మళ్ళీ పెద్దది. తెర ఎగిరి గంతులేస్తుంటే నాకు కళ్ళు తిరిగాయి.

"దీనికి స్థిమితం లేదు వదినా. నీలాగే ఉంది" అన్నాను.

వదిన కోప్పడలేదు. "నిజమే. తగ్గించేటప్పుడు తొందరపడాలి. పెంచేటప్పుడు నిదానించాలి. పరిస్థితి కుదుటపడిందని బాగా నమ్మకం కుదిరాకే పెంచాలి" అని మళ్ళీ కూర్చుంది. నా వెక్కిరింపులోంచి కూడా పనికొచ్చేది ఏరుకోగల మనిషి, ఏం చేస్తాం. ఆ తర్వాత నేనెంత జనాన్ని తోలినా, ఏ మూల నుంచి తోలినా, చేతులు ఆగలేదు. ఓడిపోయినందుకు నాకంత సంతోషం ఎందుకేసిందో ఇప్పటికీ తెలీదు. ఇద్దరం కుర్చీల్లోంచి లేచి గెంతాం.

పోటీ సాయంత్రం వచ్చింది. బైండరమ్మకి దీపం సరిగ్గా పట్టుకోవడానికి మా అన్నయ్య ముందు రోజు రైలెక్కి వెళ్ళాడు. ఆఫీసులో ఎవరి బల్ల దగ్గర వాళ్ళం కూర్చున్నాం. వదిన ముందు రెండు తెరలు. ఒకదాని మీద గీతలు, ఇంకోదాని మీద పోటీ. చూసేవాళ్ళందరి మొహాలూ చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తున్నాయి. ఒక గడిలో వదిన కూడా ఉంది. కథ చెప్పేవాళ్ళకి ఆ గళ్ళన్నీ కనబడతాయి.

బైండరమ్మకి ముందు చెప్పినవాళ్ళ కథలు చక్కగా నడిచాయి. అప్పటికింకా పాటగాడు రాలేదు. ఆయన వేదిక ఎక్కడం, బైండరమ్మ తెల్లగోడ ముందుకి రావడం సరిగ్గా ఒక్కసారే జరిగాయి. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చినా అలా కుదరదు!

మెషీన్ల మీద భారం చూపించే గీత నిలువునా లేచింది. నేను ఇన్నాళ్ళూ తోలిన ఉత్తుత్తి జనం ఈ జనం ముందు ఏ మూలకీ రారు. వడ్డన మెషీన్లని లేపడం మొదలుపెట్టింది. అవి లేవాలి. ఈలోపు గరిటెలు చిన్నవవుతున్నాయి. కచేరీలో బొమ్మ చిన్నదైంది. పాట మాత్రం చుక్క తేనె ఒలకకుండా సాగుతోంది. పోటీలో రంగులు పోయాయి. వెనక గోడ మసకైపోయింది. బైండరమ్మ నలుపు తెలుపుల్లో, చిన్న బొమ్మలా మిగిలింది.

చేతులు కదులుతున్నాయి!

"కదులుతున్నాయి వదినా, కదులుతున్నాయి!" అని నేను అరిచాను. నా బల్లకి అటు పక్కవాళ్ళు కూడా లేచొచ్చారు.

వదిన మాత్రం నవ్వట్లేదు. "అమ్మ ఆగుతోంది" అంది.

చూస్తే నిజమే. మెషీన్ ఆగట్లేదు, బైండరమ్మే ఆగుతోంది. పేజీ ఎత్తింది, ఆగింది. కిటికీ తెరిచింది, ఆగింది. ఈసారి ఆగదని వదిన ముందే చెప్పినా, ఇన్నేళ్ళ అలవాటు. సాయంత్రమైంది కాబట్టి బొమ్మ ఆగే ఉంటుందని ఆవిడ లెక్క. చేతులకి ఆ లెక్క ఎంత పాతుకుపోయిందంటే, తెర వైపు చూసుకోవడం కూడా లేదు. ఇంకాసేపట్లో గాలి రావాలి, పేజీలు ఎగరాలి. ఇలా ఆగి ఆగి చెప్తే ఎగిరేది ఏముంటుంది? మేం మెషీన్‌ని బాగుచేశాం. దానివల్ల పాడైనదాన్ని బాగుచెయ్యడం మా చేతుల్లో లేదు.

అదే సమయానికి రేపుచూద్దాం గారు పరుగులాంటి నడకతో వచ్చారు. చేతిలో ఫోన్ మోగుతోంది. "కచేరీలో బొమ్మ చిన్నగా వస్తోందని ఫిర్యాదులు మొదలయ్యాయి. తిప్పేస్తున్నానమ్మా" అంటూ మీట ఉన్న బల్ల వైపు వంగారు.

వదిన ఆయన వైపు చూడనే లేదు. కుర్చీ మీదికి ఎక్కేసింది! తన గడిలో అందరికన్నా ఎత్తుగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి గాలిని చీల్చినట్టు ఊపింది. ఆ సైగలు నాకు కూడా అర్థమయ్యాయి. "అమ్మా! ఆగట్లేదు! ఇటు చూడు! ఆగట్లేదు! పరుగెత్తు!"

బైండరమ్మ కళ్ళు ఎత్తి తెర వైపు చూసింది. కూతురు కుర్చీ మీద గంతులేస్తోంది. బిగుసుకుపోకుండా, తెగిపోకుండా, ఒక్క ముక్క కూడా పోకుండా గంతులేస్తోంది. ఆ ఊళ్ళో, సాయంత్రం పూట, ఆవిడ తెర మీద కూతురు అలా కదలడం అదే మొదటిసారి.

ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఒక పేజీని మాత్రం చటుక్కున ఎగరేసి చూసింది, నీళ్ళెంత చల్లగా ఉన్నాయో కాలి వేలితో చూసుకున్నట్టు. గళ్ళలో మొహాలన్నీ ఆ పేజీ వెనక అటు తిరిగాయి. ఇంకోటి ఎగరేసింది, ఇటు తిరిగాయి.

అంతే, ఇక గాలి వచ్చింది.

ఆ చేతుల్ని ఏమని చెప్పను! పది వేళ్ళూ పది పేజీలై లేచాయి. కిటికీ దాటాయి, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఒక ముసలాయన నెత్తి మీద వాలాయి, ఆయన తుమ్మితే మళ్ళీ లేచాయి. ఆవిడే బైండరు, ఆవిడే గాలి, ఆవిడే ముసలాయన. వీధిలో ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పేజీ దొరికింది. ఎవరికి దొరికిన పేజీ వాళ్ళు చదువుకుని అదే పుస్తకమంతా అనుకుని తలెగరేశారు. చిన్న బొమ్మ, రంగుల్లేని బొమ్మ. ఒక్క అక్షరం పోలేదు.

"ఏం చెప్తోందావిడ?" అన్నారు రేపుచూద్దాం గారు. వేలు మీట మీదే ఉంది.

వదిన కుర్చీ మీద నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. తల్లి చేతుల వెంట పడి పరిగెత్తింది. ఫోన్ మళ్ళీ మోగింది.

"సార్, ఫిర్యాదులు" అన్నాను నేను, నా కర్తవ్యం నేను చెయ్యాలి కదా.

ఆయన తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా మీట మీద వేలు తీసేసి, "రేపు చూద్దాం" అన్నారు. "ఆ ముసలాయన పేజీ ఇచ్చాడా లేదా?"

ఇచ్చాడు. అందరూ ఇచ్చారు. బైండరు కూర్చుని అన్నీ కలిపి కుట్టింది. ఈలోపు లేవాల్సిన మెషీన్లు లేచాయి, గీత దిగడం మొదలుపెట్టింది, కచేరీ బొమ్మ మెల్లగా పెద్దదైంది, ఫోను మోగడం ఆగింది. బైండరమ్మ బుగ్గల్లోకి రంగు తిరిగొచ్చేసరికి ఆవిడ పుస్తకం మూస్తోంది. గళ్ళన్నిట్లో చేతులు పైకి లేచి రెపరెపలాడాయి. చెవిటివాళ్ళ చప్పట్లు అలాగే ఉంటాయి. మా ఆఫీసులో మాత్రం నిజం చప్పట్లే, కప్పు ఎగిరిపోయేంత!

వదిన కుర్చీ దిగలేదు. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. "ఇదీ మా అమ్మ" అంది నాతో. "ముసలిదైపోయిందనుకున్నానే పిల్లా. ఇన్నేళ్ళూ ముసలిదైపోయిందనుకున్నా." నేనూ ఏడ్చాను. సిగ్గెందుకు, హాయిగా ఏడ్చాను.

మొదటి బహుమతి ఎవరో చేపలు పట్టే కథ చెప్పినాయనకి వచ్చింది. బైండరమ్మ రెండోది. న్యాయనిర్ణేతలకి కళ్ళున్నాయా అని మా అన్నయ్య ఇప్పటికీ అడుగుతుంటాడు. కొత్త నియమం ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ నడుస్తోంది. అన్ని కాల్స్ మొదట్లోనూ ఆ ప్రశ్న వస్తుంది. చాలామంది విసుక్కుని గొంతు అని నొక్కేసి ముందుకెళ్ళిపోతారు. వాళ్ళు విసుక్కున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

పోటీ తర్వాత రోజు సాయంత్రం వదిన ఎప్పటిలాగే కాల్ కలిపింది. నేను పక్కనే కూర్చున్నాను. అటు బైండరమ్మ మొదలుపెట్టింది. మా అన్నయ్య దీపం ఎంత వంకరగా పట్టుకున్నాడో, జిగురు డబ్బాలో కాలు ఎలా పెట్టాడో, కింద షాపువాళ్ళు ఏమన్నారో, చేపల కథలో చేప ఎంత అబద్ధంగా ఉందో, అన్నీ ఒకేసారి. ఆ చేతులకి ఇన్నేళ్ళ బాకీ ఉంది. వదిన కాసేపు ముందుకి వంగి చూసింది, కళ్ళు చికిలించింది, చివరికి ఓటమి ఒప్పుకుని చెయ్యి ఎత్తింది.

"మెల్లగా చెప్పమ్మా. అందుకోలేకపోతున్నా."

బైండరమ్మ చేతులు నడుం మీద పెట్టుకుని కూతుర్ని ఎగాదిగా చూసింది.

"ఇన్నేళ్ళూ మెల్లగానే చెప్పాను కదే" అంది. "ఇక నువ్వే పరుగెత్తు."

అని, ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకుంది.